ఉద్దానంలో గ్రామాధికారం, నేరారోపణ, సస్పెన్షన్: మునసబు నుంచి సర్పంచి వరకు

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగాన ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో సముద్రతీరం వెంబడి పరుచుకొన్న కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమనే మాటే వాడుకలో ఉద్దానమైందని పెద్దల అభిప్రాయం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950 ఆగస్టు 15న ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో భాగమైంది. జిల్లాలూ రాష్ట్రాలూ మారినా గ్రామస్థాయిలో ఒక ప్రశ్న మాత్రం మారలేదు. ఊరిలో చట్టాన్ని అమలుపరచవలసిన వ్యక్తిపైనే నేరారోపణ వచ్చినప్పుడు అతనిని పదవినుంచి ఎవరు పక్కన పెట్టాలి? ఏ దశలో పెట్టాలి? ఈ ప్రశ్నకు రెండు వందల ఏళ్లలో వచ్చిన సమాధానాలను ఉద్దానం నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భారతదేశంలో పోలీసు అధికారిని ప్రజలు ఎన్నుకొనే పద్ధతి లేదు. అమెరికాలో కౌంటీ షెరీఫును ఓటర్లు ఎన్నుకొంటారు. అటువంటి పదవికి ఇక్కడ అచ్చమైన పోలిక దొరకదు. తెలుగు గ్రామంలో ఆ పాత్రను రెండు పదవులు వేర్వేరు కాలాలలో కొంతకొంతగా పోషించాయి. మొదటిది వంశపారంపర్యమైన మునసబు పదవి, రెండవది ఎన్నిక ద్వారా వచ్చే సర్పంచి పదవి. మునసబుకు శిక్షించే అధికారం ఉండేది కాని ప్రజల ఓటు లేదు. సర్పంచికి ఓటు ఉంది కాని శిక్షించే అధికారం లేదు. ఈ రెండు పదవులపైనా సస్పెన్షన్ అధికారం మాత్రం ఒకే కార్యాలయంలో, అంటే జిల్లా కలెక్టరు వద్ద నిలిచింది.

జమీందారుకు దక్కని అధికారం

పంతొమ్మిదవ శతాబ్దం తొలి సంవత్సరాలలో ఉత్తర సర్కారులలో శాశ్వత శిస్తు పద్ధతి అమలులోకి వచ్చినప్పుడు మందస, టెక్కలి వంటి ఎస్టేట్లలో భూమిపై వసూలు హక్కు జమీందార్లకు స్థిరపడింది. అయితే గ్రామ లెక్కలు రాసే కరణం విషయంలో కంపెనీ ప్రభుత్వం ఒక హద్దు గీసింది. 1802 నాటి 29వ రెగ్యులేషన్ ప్రకారం న్యాయస్థానం తీర్పు లేకుండా కరణాన్ని తొలగించే స్వేచ్ఛ జమీందారుకు లేదు. దీని వెనుక ఉన్న కారణం స్పష్టమైనది. కరణం లెక్కలే రైతుకూ సర్కారుకూ సాక్ష్యం. ఆ లెక్కలు ఎవరికి వ్యతిరేకంగా నిలుస్తాయో వారి చేతికే కరణాన్ని తొలగించే అధికారం ఇస్తే సాక్ష్యమే మిగలదు. జమీందారు ఫిర్యాదు చేయవచ్చు, న్యాయస్థానం నిర్ణయించాలి అన్నది ఆ నిబంధన సారాంశం. ఆరోపించేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒకడే కాకూడదన్న సూత్రం ఈ ప్రాంతపు గ్రామపాలనలోకి చట్టరూపంలో ప్రవేశించింది ఇక్కడే.

1816లో గ్రామపెద్దకు న్యాయాధికారం, పోలీసు అధికారం రెండూ లభించాయి. ఆ ఏటి 4వ రెగ్యులేషన్ ద్వారా గ్రామ మునసబు పది రూపాయల విలువ మించని సివిలు దావాలను విచారించగలిగాడు. 11వ రెగ్యులేషన్ ద్వారా నేరస్థులను పట్టి పై అధికారులకు అప్పగించడం, చిన్న తగాదాలలో, తిట్లలో తానే శిక్ష వేయడం అతని విధులయ్యాయి. శిక్ష పరిమితి పన్నెండు గంటలు చావడిలో నిర్బంధం. అయితే నేరం చేసినవారు తక్కువ కులాలవారని భావించినప్పుడు వారిని ఆరు గంటల వరకు బొండకొయ్యలో బిగించవచ్చునని ఆ రెగ్యులేషనే అనుమతించింది. ఒకే తప్పుకు కులాన్ని బట్టి రెండు శిక్షలు ఉండేవన్నమాట. గ్రామాధికారి అధికార దుర్వినియోగం గురించి ఏ చర్చ చేసినా ఈ విషయాన్ని విస్మరించరాదు. చట్టం ప్రకారం సక్రమంగా నడచుకొన్న మునసబు సైతం ఊరిలో కొందరికి అన్యాయమే చేశాడు. అటువంటి అధికారిపై కింది కులాల నుంచి ఫిర్యాదు పైకి వెళ్లే దారి ఇరుకుగా ఉండడం సహజం.

కలెక్టరు చేతికి సస్పెన్షన్

పంతొమ్మిదవ శతాబ్దం చివర గ్రామోద్యోగాలను మద్రాసు ప్రభుత్వం క్రమబద్ధం చేసింది. జమీందారీ గ్రామాలకు 1894 నాటి 2వ చట్టం, రైత్వారీ గ్రామాలకు 1895 నాటి 3వ చట్టం వర్తించాయి. వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టంగా పేరొందిన ఈ రెండవ చట్టం కింద దుష్ప్రవర్తనకు గాని, విధుల నిర్లక్ష్యానికి గాని పాల్పడిన గ్రామాధికారిపై జరిమానా వేయడానికి, అతనిని సస్పెండు చేయడానికి, తొలగించడానికి, బర్తరఫు చేయడానికి కలెక్టరుకు అధికారం లభించింది. 1802లో న్యాయస్థానం నిలిచిన చోట ఇప్పుడు రెవెన్యూ అధికారి నిలిచాడు. అధికారిని నియమించేదీ, పర్యవేక్షించేదీ, ఆరోపణను విచారించేదీ, శిక్షించేదీ ఒకే శాఖ అయింది.

ఈ ఏర్పాటులో ఒక లాభం ఉంది. ఊరిలో బలం ఉన్న మునసబును ఊరివారు ఎదిరించలేరు. దూరంగా ఉన్న కలెక్టరు ఎదిరించగలడు. ఒక లోపమూ ఉంది. వారసత్వ పదవిలో ఖాళీ ఏర్పడితే వారసుడిని చూడటం సాధారణ నియమం కాబట్టి సస్పెన్షన్ వ్యక్తిని తాకినా కుటుంబ అధికారాన్ని పెద్దగా కదిలించలేదు. మునసబు పదవి ఊరి పదవిగా కాక ఇంటి ఆస్తిగా ఉన్నంతకాలం క్రమశిక్షణ చర్య దండనగా ఉన్నదే తప్ప మార్పుగా పరిణమించలేదు. 1920లో గ్రామ న్యాయస్థానాల చట్టానికి వచ్చిన సవరణతో ఎన్నికైన సభ్యులుండే పంచాయతీ కోర్టులకు అవకాశం కలిగింది. గ్రామంలో న్యాయం చెప్పే పని కొంతవరకైనా ఓటుకు ముడిపడడానికి ఇది తొలి అడుగు.

నేరారోపణకు మరో ముఖం: మందస, 1940

ఇంతవరకు చెప్పిన చట్టాలన్నీ ఆరోపణ అనగానే అధికారి చేసిన తప్పు అన్న అర్థంలోనే చూశాయి. ఉద్దానం చరిత్రలో ఆరోపణకు మరో అర్థం కూడా ఉంది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. మందస ఎస్టేటు రైతులు అడవిలో కలపపై తమకున్న వాడుక హక్కును అప్పటికే గట్టిగా అడుగుతున్నారు. జమీందారు అడవి నుంచి కలప తెచ్చుకొన్నందుకు రైతులపై కేసులు బనాయించి అరెస్టు చేయడానికి పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చారు. ఊరివారు అడ్డుకొన్నారు. 1940 ఏప్రిల్ 1న జరిగిన పోలీసు కాల్పులలో సాసుమాన గున్నమ్మ, మరికొందరు రైతులు మరణించారు. ఆమె నేడు వీర గున్నమ్మగా ఈ ప్రాంతపు స్మృతిలో నిలిచి ఉంది.

ఆనాటి రికార్డు భాషలో ఆ రైతులు నిందితులు. ఎనిమిదేళ్ల తరువాత 1948 నాటి 26వ చట్టంతో మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు మొదలైనప్పుడు వారు అడిగిన హక్కు వెనుక ఉన్న న్యాయాన్ని శాసనసభ స్వయంగా అంగీకరించినట్లయింది. నేరారోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి గ్రామపదవికి అర్హుడు కాడని 1940లో ఒక నియమం ఉండి, అప్పటికి ఎన్నికల పదవులూ ఉండి ఉంటే, మందస ప్రాంతంలో ప్రజలు నమ్మిన మనుషులే మొదట తొలగిపోయేవారు. నేరారోపణ అన్న మాటను ఒకే కొలతతో కొలవడంలో ఉన్న ప్రమాదం ఇది.

వారసత్వం అంతరించిన తీరు

స్వాతంత్ర్యానంతరం వంశపారంపర్య గ్రామోద్యోగానికి రాజ్యాంగ పరీక్ష ఎదురైంది. గుంటూరు జిల్లా పెరవలిపాలెం మునసబు పదవికి సంబంధించిన గాజుల దశరథ రామారావు కేసులో 1960 డిసెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొత్తగా ఏర్పడిన గ్రామోద్యోగానికి పాత ఉద్యోగి కుటుంబం నుంచే వ్యక్తిని ఎంపిక చేయాలన్న 1895 చట్టంలోని 6(1) సెక్షన్ రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని ఆ తీర్పు ప్రకటించింది. మునసబు పదవి ప్రభుత్వ పదవే కాని కుటుంబ ఆస్తి కాదని అప్పటికి స్పష్టమైంది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా పార్ట్‌టైమ్ గ్రామోద్యోగాలను రద్దు చేసింది. టి. వెంకటరెడ్డి కేసులో 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. మునసబు, కరణం పదవులు చరిత్రలో కలిసిపోయాయి.

వారి స్థానంలో వచ్చిన గ్రామ రెవెన్యూ ఉద్యోగులు, 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాలలో పనిచేస్తున్న కార్యదర్శులు పూర్తిగా ప్రభుత్వ ఉద్యోగులు. వారికి వర్తించే క్రమశిక్షణ నియమం కఠినమైనది. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల నియమావళి ప్రకారం నేరారోపణపై నలభై ఎనిమిది గంటలకు మించి నిర్బంధంలో ఉన్న ఉద్యోగి సస్పెండు అయినట్లే లెక్క. ఉద్యోగి విషయంలో ఇది సమంజసమే. ప్రభుత్వం నియమించినవాడిని ప్రభుత్వం పక్కన పెడుతుంది, అతని కుర్చీలో మరొక ఉద్యోగిని కూర్చోబెడుతుంది. ప్రజల ఓటు ఇందులో ఎక్కడా చెల్లకుండా పోదు.

సర్పంచి: ఓటు ఒకచోట, సస్పెన్షన్ మరొకచోట

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దానికి అనుగుణంగా 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం రూపొందింది. గ్రామ ఓటర్లు నేరుగా ఎన్నుకొన్న సర్పంచిపై చర్యకు ఈ చట్టంలో రెండు వేర్వేరు దారులున్నాయి. మొదటిది అనర్హత. పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద గాని, నైతిక పతనంతో కూడిన నేరానికి గాని శిక్ష పడినవారు ఐదేళ్లపాటు పోటీకి అనర్హులని 19వ సెక్షన్ చెబుతోంది. ఇక్కడ కొలత శిక్ష, ఆరోపణ కాదు. అంటరానితనాన్ని పాటించిన నేరానికి ఈ సెక్షన్ ప్రత్యేక స్థానం ఇవ్వడం గమనార్హం. 1816లో గ్రామపెద్ద చేతికి బొండకొయ్యను ఇచ్చిన చట్ట సంప్రదాయమే తిరిగి తిరిగి ఇక్కడికి వచ్చింది.

రెండవ దారి 249వ సెక్షన్. ప్రభుత్వ ఆదేశాలను ఉద్దేశపూర్వకంగా పాటించకపోవడం, అధికార దుర్వినియోగం, విధి నిర్వహణలో దుష్ప్రవర్తన, విధులలో పదే పదే వైఫల్యం వంటి కారణాలపై వివరణ కోరిన తరువాత సర్పంచిని తొలగించే అధికారం కలెక్టరుకు ఉంది. విచారణ జరుగుతుండగా అతడు పదవిలో కొనసాగడం పంచాయతీకి గాని గ్రామవాసులకు గాని హానికరమని భావిస్తే మొదట మూడు నెలలకు మించకుండా సస్పెండు చేయవచ్చు. ఈ జాబితాలో ఒక అంశం కనబడదు. క్రిమినల్ కేసు నమోదు కావడం దానంతట అదే సస్పెన్షన్‌కు కారణం కాదు. పంచాయతీ నిధులను స్వాహా చేశాడన్న ఆరోపణ విధులకు సంబంధించినది కాబట్టి ఈ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. రోడ్డుపై ధర్నాలో పాల్గొన్నాడన్న కేసు రాదు. చట్టం ఈ తేడాను మాటలలో ప్రకటించకపోయినా కారణాల జాబితా ద్వారా నిలబెట్టింది.

అయితే 1895 నాటి వాసన ఇందులో పూర్తిగా పోలేదు. ప్రభుత్వ ఆదేశాలను పాటించలేదన్న కారణాన్ని ఆరోపించేదీ విచారించేదీ ప్రభుత్వ యంత్రాంగమే. మునసబు విషయంలో కలెక్టరు పై అధికారి. సర్పంచి విషయంలో కలెక్టరు పై అధికారి కాడు, సర్పంచికి పైన ఉన్నది ఓటరు. అయినా సస్పెన్షన్ కలం మాత్రం పాత చోటనే ఉంది. పంజాబులోని రాజ్‌పురా పురపాలక అధ్యక్షుని తొలగింపుపై 2001లో తర్లోచన్ దేవ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు ఎన్నికైన వ్యక్తిని పదవినుంచి తొలగించడం తీవ్రమైన చర్య అని, ఒక పొరపాటు నిర్ణయాన్ని అధికార దుర్వినియోగంగా లెక్కించరాదని హెచ్చరించింది. ఆ హెచ్చరిక ప్రతి జిల్లా కలెక్టరు కార్యాలయానికీ వర్తిస్తుంది.

సస్పెన్షన్‌కు గ్రామంలో మరొక ఫలితం కూడా ఉంది. సర్పంచి లేనప్పుడు బాధ్యతలు ఉపసర్పంచికి వెళతాయి. సర్పంచి పదవికి ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళా రిజర్వేషన్లు ఉన్నాయి. ఉపసర్పంచి పదవికి రిజర్వేషన్ లేదు, వార్డు సభ్యులే తమలో ఒకరిని ఎన్నుకొంటారు. రిజర్వుడు పంచాయతీలో సర్పంచిని సస్పెండు చేస్తే ఆ మూడు నెలలూ గ్రామాధికారం పాత చేతులలోకి వెళ్లే అవకాశం ఉంది. ఊరిలో బలమైన వర్గానికి సర్పంచిపై ఒక ఫిర్యాదు పెట్టడం కష్టమైన పని కాదు. అందువల్ల ఇక్కడ సస్పెన్షన్ ఒక వ్యక్తి ప్రయోజనానికి మాత్రమే సంబంధించినది కాదు, రిజర్వేషన్ ఉద్దేశానికీ సంబంధించినది.

సోంపేట, కాకరాపల్లి అనంతరం

మందసలో 1940లో కనిపించిన రెండవ ముఖం ఈ శతాబ్దంలో మళ్లీ కనిపించింది. సోంపేట సమీపంలోని బీల నేలల్లో 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పే ప్రతిపాదనను రైతులు, మత్స్యకారులు వ్యతిరేకించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ఉద్యమకారులు ప్రాణాలు కోల్పోయారు. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. దక్షిణాన సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర భూముల్లోనూ మరొక థర్మల్ కేంద్రంపై ఇటువంటి ఉద్యమమే నడిచి, 2011 ఫిబ్రవరి 28న కాల్పులకు దారి తీసింది. రెండుచోట్లా ఊళ్లకు ఊళ్లపై కేసులు నమోదయ్యాయి.

ఒకే ఘటనలో ఊరివారు ఒకవైపు నిందితులు, మరొకవైపు వారి వాదననే ఒక న్యాయ వేదిక సమర్థించింది. ఇటువంటి ఊరిలో ఎన్నికైన సర్పంచి తన ఊరివారితో నిలబడితే అతని పేరు కూడా ఎఫ్.ఐ.ఆర్.లోకి రావడం ఆశ్చర్యం కాదు. కేసు పేరుతోనే సర్పంచిని పక్కన పెట్టే నియమం ఉంటే, ఆ కేసును ఎవరిపై పెట్టాలో నిర్ణయించే పోలీసు స్టేషనే గ్రామ ఎన్నిక ఫలితాన్ని తిరగరాయగలదు.

ఎన్నికైన వ్యక్తి లేని ఊరు ఎలా ఉంటుందో ఉద్దానానికి 2018లో అనుభవమైంది. 2013లో ఎన్నికైన సర్పంచుల పదవీకాలం 2018 ఆగస్టులో ముగిసింది. ఎన్నికలు 2021 ఫిబ్రవరి వరకు జరగలేదు. ఆ మధ్య 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. అప్పుడు పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి. పడిన చెట్లు ఎన్ని, ఎవరివి, పరిహారం ఎవరికి అన్న లెక్కలు తేలుతున్న రోజులలో ఊరివారు అడగడానికి, నిలదీయడానికి వారు ఎన్నుకొన్న సర్పంచి లేడు. సస్పెన్షన్ సైతం చిన్న పరిమాణంలో ఇదే స్థితిని కల్పిస్తుంది.

ఇతర పద్ధతులు

ఈ చిక్కును ఇతర ప్రాంతాలు ఎలా పరిష్కరించుకొన్నాయో చూడటం ఉపయోగకరం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఎన్నికైన షెరీఫును గవర్నరు సస్పెండు చేయగలడు. కాని తుది నిర్ణయం రాష్ట్ర సెనేటుది. సెనేటు అతనిని తొలగించవచ్చు, తిరిగి పదవిలో నిలపవచ్చు. ఒహాయో రాష్ట్ర చట్టంలో పదవీ నిర్వహణకు సంబంధించిన తీవ్ర నేరారోపణ వచ్చినప్పుడు రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి ముగ్గురు విశ్రాంత న్యాయమూర్తులతో ఒక సంఘాన్ని నియమిస్తాడు. సస్పెన్షన్ అవసరమో కాదో ఆ సంఘం తేలుస్తుంది. రెండింటిలోనూ ఒకే సూత్రం కనిపిస్తుంది. చర్య మొదలుపెట్టినవారి చేతిలోనే ముగింపు ఉండదు.

మన దేశంలో ఈ చర్చ ఇంతవరకు పై స్థాయిలోనే సాగింది. 2014లో లా కమిషన్ తన 244వ నివేదికలో, ఐదేళ్లు లేదా అంతకు మించి శిక్షకు వీలున్న నేరాలలో న్యాయస్థానం అభియోగాలు నమోదు చేసిన దశలోనే శాసనసభ్యులకు అనర్హత విధించాలని సిఫారసు చేసింది. ఎన్నికల ముందు రాజకీయ కేసులు పెట్టే ప్రమాదాన్ని గుర్తించి, నామినేషన్ల పరిశీలనకు ముందు ఏడాదిలోపు వచ్చిన అభియోగాలను మినహాయించాలని సూచించింది. 2018 సెప్టెంబరు 25న పబ్లిక్ ఇంటరెస్ట్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అటువంటి అనర్హతను న్యాయస్థానం చేర్చలేదని, అది పార్లమెంటు పని అని తేల్చింది. 2025 ఆగస్టు 20న లోక్‌సభలో ప్రవేశపెట్టిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లు వరుసగా ముప్పై రోజులు నిర్బంధంలో ఉన్న మంత్రులను పదవినుంచి తొలగించాలని ప్రతిపాదించి, సంయుక్త సంఘానికి వెళ్లింది. ఈ చర్చలలో సర్పంచి ప్రస్తావన లేదు. రక్షణ తక్కువ, సస్పెన్షన్ సులభం అయిన పదవి అదే అయినప్పటికీ దానిపై చర్చ జరగలేదు.

ముగింపు

ఉద్దానం అనుభవం రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. చావడిలో నిర్బంధించే అధికారం ఉన్న మునసబును అదుపు చేయడానికి పై చేయి అవసరమైంది. పంచాయతీ నిధులను కాజేసిన సర్పంచిని విచారణ ముగిసేవరకు అదే కుర్చీలో కూర్చోబెట్టడం ఊరికి మేలు కాదు. అదే సమయంలో మందస, సోంపేట, కాకరాపల్లి చరిత్ర తెలిసినవారు ఆరోపణ అన్న ఒక్క మాటను తొలగింపుకు చాలునని ఒప్పుకోలేరు.

ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, సస్పెన్షన్ పదవి నిర్వహణకు సంబంధించిన ఆరోపణకే పరిమితం కావాలి. 249వ సెక్షన్ ఇప్పటికే ఈ దిశలో ఉంది, దానిని కేసుల సంఖ్య చూసి విస్తరించరాదు. రెండవది, అత్యవసర పరిస్థితిలో సస్పెన్షన్ ఉత్తర్వు కలెక్టరుదే అయినా, అది కొనసాగాలా అన్న నిర్ణయాన్ని కొద్ది వారాలలోనే జిల్లా న్యాయమూర్తి స్థాయి అధికారి పరిశీలించాలి. హైకోర్టును ఆశ్రయించే దారి ఇప్పటికీ ఉంది. అయితే కవిటి, వజ్రపుకొత్తూరు వంటి చోట్ల ఉన్న చిన్న పంచాయతీ సర్పంచికి ఆ దారి దూరం, ఖర్చు రెండూ ఎక్కువ. మూడవది, రిజర్వుడు పంచాయతీలో సస్పెన్షన్ కాలపు బాధ్యతలు అదే వర్గానికి చెందిన వార్డు సభ్యునికి అప్పగించాలి.

ఇందులో పూర్తిగా కొత్తదేమీ లేదు. జమీందారు ఫిర్యాదుదారుడు మాత్రమే, నిర్ణయం న్యాయస్థానానిది అని 1802లోనే ఈ నేలకు వర్తించిన నియమం చెప్పింది. వంశపారంపర్య కరణానికి దక్కిన ఆ రక్షణ ఓటుతో గెలిచిన సర్పంచికి నేటికీ అందలేదు.